వాడుక చొప్పున

(ఆదివారం ఉదయం రేడియోలో ప్రసారమైన ప్రసంగం. వాక్యభాగములు: దానియేలు 6:10, లూకా 4:16)

మరొకసారి ఈ విధంగా మీ ఇంటికి, మీ వంటగదికి, ప్రయాణంలో ఉన్నవారైతే మీ ప్రక్క సీటు దాకా రావడానికి ప్రభువు ఇచ్చిన ఈ సమయాన్ని బట్టి ఆయనకు స్తోత్రము. బైబిలు దగ్గరలో ఉంటే దానియేలు గ్రంథము ఆరవ అధ్యాయము, పదవ వచనము తీసి ఉంచుకోండి. చేతిలో పని ఉన్నవారు పని చేసుకుంటూనే వినండి. ఈ రోజు మనం మాట్లాడుకునేది కూడా రోజూ చేసే పనిని గురించే.

మా ఇంట్లో బీరువా పైఅరలో అయిదు పాత డైరీలు ఉన్నాయి. వాటిని నేను పారవేయలేదు. మొదటి డైరీ జనవరి 9వ తేదీ దాకా నిండి ఉంది. రెండవది సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆగిపోయింది. మూడవదానిలో ఫిబ్రవరి దాకా వెళ్లాను. నాలుగవదానిలో నాలుగు పేజీలు. అయిదవదానిలో నా పేరు, అడ్రసు, బ్లడ్ గ్రూపు మాత్రమే ఉన్నాయి.

ప్రియమైన శ్రోతలారా, ఇటువంటి డైరీలు మీ ఇంట్లోనూ ఉంటాయి. డైరీలు లేకపోతే తీర్మానాలైనా ఉంటాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు అందరమూ వస్తాం. పన్నెండు గంటలు కొట్టగానే మోకరిస్తాం. వాగ్దానపు కార్డు తీసుకుంటాం. ఈ సంవత్సరమైనా బైబిలు అంతా చదువుతానని ఒకరు, అప్పు తీరుస్తానని ఒకరు, సిగరెట్టు మానేస్తానని ఒకరు, షుగరు తగ్గేందుకు రోజూ నడుస్తానని ఒకరు ప్రభువుతో చెప్పుకుంటాం. గుడ్ ఫ్రైడే వచ్చేసరికి ఆ తీర్మానాలు ఎక్కడున్నాయో మనకే గుర్తుండదు. తర్వాతి డిసెంబరులో అదే తీర్మానం, అదే చోట, అదే కన్నీళ్లతో మళ్లీ చేస్తాం.

ఆ రాత్రి మనం అబద్ధమాడామా? లేదు. మనస్ఫూర్తిగానే చెప్పాం. మరి ఎందుకు జరగలేదు? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుదాం. ముందుగా నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి.

వేదాంత కళాశాలలో నాకు గ్రీకు భాషలో మంచి మార్కులు వచ్చాయి. జీవితాంతం క్రొత్త నిబంధనను మూలభాషలోనే చదువుకుంటానని అప్పట్లో తీర్మానించుకున్నాను. కళాశాల విడిచిన పన్నెండేళ్లకు, ఒక ఆదివారం ఆరాధన తర్వాత ఒక యౌవనస్థుడు నా దగ్గరకు వచ్చాడు. “అయ్యగారూ, మీరు గ్రీకు చదివారు గదా, యోహాను సువార్తలో ఈ మాటకు అసలు అర్థం ఏమిటండీ?” అని అడిగాడు. గ్రీకు నిబంధన తెరిచాను. అక్షరాలు గుర్తుపట్టాను గాని వాక్యం చదవలేకపోయాను. “వచ్చే వారం చెబుతాను బాబూ” అన్నాను. ఆ వారమంతా నిఘంటువు ముందేసుకుని కూర్చుని, ఆదివారం నాడు ఎప్పటి నుండో తెలిసినట్టుగా అతనికి చెప్పాను. అతడు సంతోషంగా వెళ్లాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయింది ఒక భాష మాత్రమే కాదు. నా మాట మీద నాకున్న నమ్మకం కూడా పోయింది.

మనల్ని నిజంగా బాధించేది అదే. తీర్మానం తప్పిన ప్రతిసారీ, తర్వాతి తీర్మానాన్ని మనమే నమ్మలేని స్థితికి వస్తాం. చివరికి కొందరు తీర్మానాలు చేయడమే మానేస్తారు. “నా బ్రతుకింతేనండి” అంటారు. ఆ మాట అనేవారి కోసమే ఈ వర్తమానం.

కిటికీలు తెరిచే ఉన్నాయి

దర్యావేషు రాజు ఒక శాసనం మీద సంతకం చేశాడు. ముప్పది దినముల పాటు రాజుకు తప్ప మరి ఎవరికి మనవి చేసినా సింహాల గుహలో పడవేస్తారు. శాసనం వచ్చిందని దానియేలుకు తెలిసింది. తెలిసిన తర్వాత అతడు ఏమి చేశాడు? క్రొత్తగా ఏమీ చేయలేదు. ఇంటికి వెళ్లాడు. యెరూషలేము వైపు తెరిచి ఉన్న కిటికీల గదిలో, రోజుకు మూడుసార్లు ఎలా మోకరిస్తూ వచ్చాడో ఆ రోజు కూడా అలాగే మోకరించాడు. మన తెలుగు బైబిలు అక్కడ వాడిన మాట ‘యథాప్రకారముగా.’

దానియేలు చెరగా బబులోనుకు వచ్చింది క్రీ.పూ. 605 ప్రాంతంలో. బబులోను కూలిపోయింది క్రీ.పూ. 539లో. అంటే ఈ సంఘటన నాటికి అతడు ఆ దేశానికి వచ్చి అరవై సంవత్సరాలు దాటింది. వయసు ఎనభై పైమాటే. మనం పిల్లలకు సండే స్కూలులో చూపించే బొమ్మలో యౌవనస్థుడు ఉంటాడు గాని, సింహాల గుహలోకి దిగింది ఒక ముసలాయన. ఆ రోజు అతనికి ధైర్యం ఎక్కడి నుండి వచ్చింది? దేవుడే ఇచ్చాడు, నిజమే. ఎలా ఇచ్చాడు? ఎన్నో ఏళ్లుగా రోజుకు మూడు పూటల చొప్పున ఇస్తూ వచ్చాడు. శాసనం వచ్చిన రోజున దానియేలు క్రొత్తగా నిర్ణయించుకోవలసినది ఏమీ లేదు. మోకాళ్లకు దారి తెలుసు.

లూకా సువార్త నాలుగవ అధ్యాయంలో మన ప్రభువు నజరేతుకు వచ్చి, విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లాడు. అక్కడ ‘వాడుక చొప్పున’ అని వ్రాయబడి ఉంది. ఇరువది రెండవ అధ్యాయంలో, పట్టబడబోయే రాత్రి ఒలీవల కొండకు వెళ్లినప్పుడు కూడా అదే మాట. దేవుని కుమారునికి కూడా ఒక వాడుక ఉంది. ఆ భయంకరమైన రాత్రి ఆయన క్రొత్త చోటు వెదుక్కోలేదు. ఎప్పుడూ వెళ్లే చోటికే వెళ్లాడు.

కాబట్టి ఈ రోజు వర్తమానం ఒక్క మాటలో ఇది: గురి ఎంత పెద్దదైనా సరే, అది మన దినములో ఒక చిన్న స్థలం సంపాదించుకోవాలి. స్థలం దొరకని గురి కోరికగానే మిగిలిపోతుంది.

1806 జూన్ 12

దీనికి ఒక సాక్ష్యం చెబుతాను. ఇది మన తెలుగువారికి దగ్గర సంబంధం ఉన్న సంగతి.

వేదాంత విద్య చదివిన మావంటివారిలో చాలామందికి సేరంపూర్ అనే పేరు డిగ్రీ కాగితం మీద కనిపిస్తుంది. ఆ పేరుకు వెనుక ఉన్నవాడు విలియం కేరీ. 1761లో ఇంగ్లాండులో ఒక నేతపనివాని ఇంట పుట్టాడు. చెప్పులు కుట్టే పని నేర్చుకున్నాడు. ఆ పనిలో ఉండగానే లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకున్నాడు. 1793 నవంబరులో బెంగాలుకు చేరాడు. మొదటి విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మము పొందినది 1800 డిసెంబరులో. మధ్యలో ఏడు సంవత్సరాలు. మన తీర్మానాలు ఏడు వారాలు నిలవవు గదా!

1806 జూన్ 12న కేరీ ఇంగ్లాండులోని ఒక మిత్రునికి ఉత్తరం వ్రాస్తూ, ఆ రోజు తాను ఏమేమి చేశాడో వరుసగా చెప్పాడు. ఆయన మాటలు కాదు గాని, ఆ దినచర్య మాత్రం చెబుతాను వినండి. ఉదయం ఆరుకు పావుగంట ముందు లేచాడు. హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయం, ఏడింటి వరకు ఏకాంత ప్రార్థన, తర్వాత పనివారితో కలిసి బెంగాలీలో కుటుంబ ప్రార్థన. టీ తయారయ్యేలోగా మున్షీతో కాస్త పారశీకం. ఫలహారానికి ముందు హిందుస్థానీలో వాక్యభాగం. ఫలహారం కాగానే ఒక పండితునితో కూర్చుని పది గంటల వరకు సంస్కృతం నుండి రామాయణ అనువాదం. తర్వాత మధ్యాహ్నం దాకా కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో ఉద్యోగం. తిరిగి వచ్చి యిర్మీయా గ్రంథపు బెంగాలీ ప్రూఫులు. భోజనం తర్వాత ఆరు గంటల వరకు మత్తయి సువార్త ఎనిమిదవ అధ్యాయం సంస్కృతంలోకి. రాత్రి ఏడున్నరకు ప్రసంగం. అది ముగిశాక పదకొండు గంటల దాకా యెహెజ్కేలు గ్రంథంలో ఒక అధ్యాయం బెంగాలీలోకి. ఆ తర్వాత ఈ ఉత్తరం. పడుకోబోయే ముందు గ్రీకులో ఒక అధ్యాయం.

నేను కావాలనే ఒక గంట వదిలేశాను. సాయంత్రం ఆరు దాటాక, ప్రసంగానికి ముందు, కేరీ ఏమి చేశాడో తెలుసా? ఒక తెలుగు పండితుని దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు!

ఆయనకు అప్పటికి నలభై నాలుగేళ్లు. ఉదయం నుండి అయిదారు భాషలతో కుస్తీ పట్టి అలసిపోయిన మనిషి. “ఈ రోజుకు చాలు” అనడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. అయినా మన అ, ఆలకు ఆయన దినములో ఒక స్థలం ఉంది. ఆ సాయంకాలపు గంటల నుండి ఒక తెలుగు వ్యాకరణం తయారవుతూ వచ్చింది.

1812 మార్చి 11 సాయంత్రం సేరంపూర్ ముద్రణాలయం తగలబడింది. కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. మరునాడు సహపనివాడైన మార్ష్‌మన్ వెళ్లి ఆయనకు ఆ వార్త చెప్పాడు. కాగితాలు, అచ్చు అక్షరాలు, ఎన్నో వ్రాతప్రతులు బూడిదయ్యాయి. ఆ బూడిదలో తెలుగు వ్యాకరణం కూడా ఉంది. అన్నేళ్ల సాయంత్రాలూ ఒక్క రాత్రిలో పోయాయి.

మీరైతే ఏమి చేస్తారు? నేనైతే “ఇది దేవుని చిత్తం కాదేమో” అని భక్తిగా ఒక మాట అని ఊరుకునేవాణ్ణి. కేరీ మళ్లీ మొదలుపెట్టాడు. ఒకసారి నడిచిన దారిలో రెండవసారి నడవడం సులువు అనే భావంతో ఆ నష్టాన్ని తీసుకున్నాడు. తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. తెలుగు క్రొత్త నిబంధన 1818లో సేరంపూర్ నుండి వెలువడింది. కాగితం కాలింది గాని, ఆరు గంటల అలవాటు కాలలేదు.

తన మేనల్లుడు యూస్టేసుతో కేరీ తన గురించి చెప్పుకున్నది కూడా ఇదే. తనకు మేధావి అనే పేరు అక్కరలేదట. పట్టు విడువకుండా మెల్లగా నడుచుకుంటూ పోగలవాడని ఎవరైనా అంటే అది న్యాయమైన మాట అన్నాడట.

మనకు పనికివచ్చే నాలుగు సంగతులు

మొదటిది, కొలత చిన్నదిగా ఉండాలి. అరణ్యంలో దేవుడు నలభై సంవత్సరాలు ఇశ్రాయేలీయులను పోషించాడు. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం ధాన్యం ఇవ్వలేదు. ఏనాటి మన్నా ఆనాటికి, మనిషికి ఒక ఓమెరు చొప్పున ఇచ్చాడు. ఎక్కువ దాచుకున్నవారిది పురుగు పట్టింది. మనం తీర్మానం చేసేటప్పుడు ఉత్సాహంలో సంవత్సరానికి సరిపడా మన్నా ఒకేరోజు ఏరబోతాం. మొదటి రోజు పది అధ్యాయాలు, రెండవ రోజు ఆరు, మూడవ రోజు ప్రయాణం, నాలుగవ రోజు సున్న.

లెక్క చూడండి. మన బైబిలులో 1,189 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు మూడు, ఆదివారం అయిదు చదివితే సంవత్సరం లోపే పూర్తవుతుంది. అది బరువనిపిస్తే క్రొత్త నిబంధన 260 అధ్యాయాలు. సోమవారం నుండి శుక్రవారం వరకు రోజుకు ఒక్క అధ్యాయం చాలు, 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది. డబ్బు సంగతి కూడా అంతే. రోజుకు 20 రూపాయలు ప్రక్కన పెడితే సంవత్సరానికి 7,300. బడులు తెరిచే జూన్ నెలలో అప్పుకోసం ఎవరి గడపా తొక్కకుండా పుస్తకాలు, యూనిఫారం కొనుక్కోవచ్చు. మీకు ఒంట్లో బాగాలేని రోజున కూడా చేయగలిగినంత కొలత పెట్టుకోండి. ఓపిక ఉన్న రోజు ఎక్కువ చేస్తే మంచిదే. కాని లెక్క మాత్రం చిన్న కొలతతోనే వేయండి.

రెండవది, దానికి ఒక వేళ, ఒక చోటు ఉండాలి. దానియేలుకు పైగది ఉంది, కిటికీ ఉంది, మూడు వేళలున్నాయి. కేరీకి ఆరు గంటలుంది. ‘ఖాళీ దొరికినప్పుడు చేస్తాను’ అనుకున్న పనికి ఖాళీ దొరకదు. అన్నిటికంటే తేలికైన పద్ధతి, ఇప్పటికే రోజూ తప్పకుండా చేసే పనికి క్రొత్త పనిని ముడివేయడం. ఇది మన స్త్రీల సమాజములకు ఎవరూ నేర్పనక్కరలేదు. బియ్యం కడిగే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోసే తల్లులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. మిజోరంలోని సంఘాల స్త్రీలు 1910లో ఈ అలవాటు మొదలుపెట్టారు. ఆ పిడికెళ్లతోనే అక్కడ ఎంతో సువార్త పని సాగింది. దానికోసం వారు వేరే వేళ వెదుక్కోలేదు. పూటపూటా పొయ్యి వెలిగించాలి గదా, పిడికెడు దానితోపాటే వెళ్లింది.

మూడవది, ఓర్పు కావాలి. ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని చాలామంది చెబుతుంటారు. అలా నమ్మినవారు ఇరవై రెండవ రోజు కూడా కష్టంగానే ఉంటే, తమలోనే ఏదో లోపం ఉందనుకుని మానేస్తారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాలు గమనించి, 2009లో ఫలితాలు వెల్లడించారు. ఒక్కొక్కరు ఏదో ఒక చిన్న పనిని రోజూ ఒకే సందర్భంలో చేయాలి. అది ఆలోచించకుండానే జరిగే స్థితికి రావడానికి పట్టే కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుండి 254 రోజుల వరకు ఉంటుందని లెక్క తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. అంటే జనవరి 1న మొదలుపెట్టినవారికి మార్చి మొదటి వారం దాకా కష్టంగా ఉంటే అది మామూలు సంగతే. కొందరికి పంటలు ఇంటికొచ్చే కాలం దాకా పట్టవచ్చు. మీరు చెడిపోలేదు, దారిలో ఉన్నారంతే.

నాలుగవది, తప్పిన రోజు గురించి. ఆ పరిశోధనలోనే ఇంకొక సంగతి కూడా తెలిసింది. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. మనల్ని పాడుచేసేది తప్పిన రోజు కాదు, దాని తర్వాతి రోజు. “ఎలాగూ పోయింది, వచ్చే నెల ఒకటో తారీఖు నుండి చూద్దాం” అంటాం చూశారా, అక్కడే పని చెడుతుంది. కేరీ అగ్నిప్రమాదం తర్వాత ఒకటో తారీఖు కోసం చూడలేదు. మీరు తప్పినది మంగళవారమైతే బుధవారమే మళ్లీ మొదలుపెట్టండి. తప్పిన దానికి వడ్డీ కట్టబోయి రెండు రోజుల పని ఒకేసారి చేయకండి. ఆ రోజు కొలత ఆ రోజు చేయండి, చాలు.

ఒక పలక, ఒక గ్రీకు పుస్తకం

ఇవన్నీ నాకు ముందుగా నేర్పింది మా అమ్మ. ఆమె బడికి వెళ్లలేదు. చిన్నప్పటి నుండి పొలం పనే. మా నాన్నగారు ఉన్నంతకాలం సాయంత్రం ఆయన బైబిలు చదివితే ఆమె వినేది. ఆయన ప్రభువు పిలుపునందుకున్నాక ఇంట్లో ఆ శబ్దం ఆగిపోయింది. నేను వేరే ఊళ్లో సంఘకాపరిగా ఉన్నాను. ఫోనులో ఒకసారి, “నాకు చదివి పెట్టేవాళ్లు లేరురా” అంది. నేను కాపరినైయుండి ఏమి చెప్పానో తెలుసా? “రేడియో పెట్టుకో అమ్మా” అన్నాను.

ఆమె రేడియోతో సరిపెట్టుకోలేదు. రెండో తరగతి చదివే మా అన్నయ్య కొడుకు దగ్గర పలక తీసుకుంది. రాత్రి భోజనాలై గిన్నెలు కడిగి బోర్లించిన తర్వాత, చేతులు తుడుచుకుని పలక పట్టుకునేది. రోజుకు ఒక్క అక్షరం. వాడు దిద్దిస్తే ఆమె దిద్దేది. వాడు నిద్రపోతే నిన్నటి అక్షరమే మళ్లీ వ్రాసేది. నాట్ల రోజుల్లో నడుము నొప్పితో పలక ఒళ్లో పెట్టుకుని ఒక్క గీత గీసి పడుకున్న రాత్రులున్నాయని మా వదిన చెప్పింది. అక్షరాలయ్యాయి, గుణింతాలయ్యాయి, ఒత్తుల దగ్గర చాలా నెలలు పట్టింది. రెండు క్రిస్మసులు గడిచాయి.

మూడవ సంవత్సరం ఒక శుక్రవారం స్త్రీల కూడికలో ఆమె లేచి నిలబడి ఇరువది మూడవ కీర్తన చదివింది. కేవలం ఆరు వచనాలు. ఎంతసేపు పట్టిందో గాని, అంతసేపూ ఎవ్వరూ కదల్లేదట. ఆ సంగతి నాకు ఫోనులో చెబుతూ ఆమె నవ్వింది. నేను మాత్రం మాట్లాడలేకపోయాను. నా బీరువాలోని అయిదు డైరీలు, దుమ్ము పట్టిన గ్రీకు నిబంధన నా కళ్లముందే ఉన్నాయి.

ఆ మరునాడు ఉదయం టీ త్రాగి గ్లాసు దించగానే గ్రీకు నిబంధన తీశాను. రోజుకు అయిదు వచనాలు. క్రొత్త నిబంధనలో దాదాపు 8 వేల వచనాలున్నాయి గనుక నాలుగు సంవత్సరాల అయిదు నెలలలో ముగుస్తుందని లెక్క వేశాను. నాకు పట్టింది అయిదు సంవత్సరాల మూడు నెలలు. ఆ తేడా అంతా జ్వరాలు, కన్వెన్షన్లు, సమాధి కార్యక్రమాలు, ఊరికే బద్ధకించిన రోజులు. దాచుకోవలసిన సంగతేమీ కాదు. తప్పిన రోజులన్నీ కలిపినా ప్రకటన గ్రంథపు చివరి వచనం దగ్గరకు చేరుకున్నాను. ఆ యౌవనస్థుణ్ణి వెదికి పట్టుకుని, ఆనాడు నాకు తెలియక నిఘంటువు చూసి చెప్పానని ఒప్పుకున్నాను. అతడు నవ్వి, “నాకు అప్పుడే తెలుసండీ అయ్యగారూ” అన్నాడు.

ఒక హెచ్చరిక

అయితే ప్రియులారా, ఇక్కడితో ముగిస్తే నేను మీకు సగం సత్యమే చెప్పినవాణ్ణవుతాను.

కేరీ దినచర్య విన్నారు గదా. ఆయన భార్య దొరొతి 1794లో అయిదేళ్ల కుమారుడు పీటరును బెంగాలులో పోగొట్టుకుంది. ఆ తర్వాత ఆమె మనస్సు చెదిరిపోయింది. ఎన్నో ఏళ్లు ఆ వ్యాధితోనే ఉండి 1807 డిసెంబరులో కన్నుమూసింది. కుమారులకు క్రమశిక్షణ నేర్పే భారం చాలావరకు తోటి మిషనరీలైన వార్డు మీద, మార్ష్‌మన్ దంపతుల మీద పడింది. 1806 జూన్ నాటి ఆ రోజు ఆయన ఉద్యోగరీత్యా కలకత్తాలో ఉన్నాడన్నది నిజమే. అయినా ఆయన జీవితకథ చదివినప్పుడు, ఇన్ని భాషలకు వేళ దొరికిన ఆ ఇంట్లో ఆమెకు, ఆ పిల్లలకు ఎంత వేళ దొరికిందో అని నా మనస్సు అడుగుతుంది. ఆ గొప్ప దైవజనుణ్ణి తీర్పు తీర్చడానికి నేను ఎవణ్ణి? కాని పాఠం మాత్రం నేర్చుకోవాలి.

ఒక ఉదయం నేను నా అయిదు వచనాల్లో మూడవదాని దగ్గర ఉన్నాను. అప్పుడు మా పాపకు తొమ్మిదేళ్లు. జడ వేసుకోకుండానే దువ్వెన పట్టుకుని వచ్చి, బడిలో ఎవరో ఏదో అన్నారని చెప్పబోయింది. “చదువుకుంటున్నాను, కనబడటం లేదా!” అని గద్దించాను. పాప వెళ్లిపోయింది. అంతసేపూ నేను చదువుతున్నది చిన్నపిల్లలను ఆటంకపరచవద్దని ప్రభువు చెప్పిన అధ్యాయం. పుస్తకం మూసి వెళ్లాను. ఆ రోజు మూడు వచనాలతోనే ఆగింది. నా లెక్కలో ఆ రోజు తప్పిన రోజు కాదు.

మన్నా విషయంలో దేవుడు ఇంకొక ఏర్పాటు చేశాడు. ఆరవ రోజున రెండంతలు, ఏడవ రోజున విశ్రాంతి. రోజూ చేసే పనికి కూడా ఒక హద్దు ఉంది. అలవాటు మనకు పనిచేయాలి గాని మనం అలవాటుకు దాసులం కాకూడదు. మీరు పెట్టుకున్న గురి మీ ఇంట్లోవారి నోట “మాకు నువ్వు కనబడటమే లేదు” అనే మాట తెప్పిస్తే, కొలత తగ్గించండి, లేదా వేళ మార్చండి. ఇంకొక సంగతి. నడక అలవాటైనవాడు నడవని అన్నను చిన్నచూపు చూడకూడదు. అయిదు గంటలకు లేచి ప్రార్థించే తల్లి ఏడింటికి లేచే కోడలిని దెప్పకూడదు. ఆమె రాత్రి ఎన్నిసార్లు బిడ్డ కోసం లేచిందో ఆమెకూ దేవునికీ తెలుసు.

ఈ వారము చేయవలసినది

శ్రోతలారా, ఒకే ఒక్క గురి తీసుకోండి. రెండు వద్దు. చాలాకాలంగా మీ మనస్సును పొడుస్తున్నది ఏదో మీకు తెలుసు. చదవని వాక్యం కావచ్చు, తీరని అప్పు కావచ్చు, డాక్టరుగారు నడవమన్న నడక కావచ్చు, ఆగిపోయిన చదువు కావచ్చు, విడిపోయిన తమ్మునికి చేయని ఫోను కావచ్చు. దానిని రోజుకు పది నిమిషాలకు మించని కొలతగా చేయండి. మీరు రోజూ తప్పకుండా చేసే ఏ పని వెనుక దానిని పెడతారో ఇప్పుడే నిర్ణయించుకోండి. “టీ త్రాగిన వెంటనే,” “గిన్నెలు బోర్లించిన వెంటనే,” “బస్సులో కూర్చున్న వెంటనే” అని పైకి చెప్పుకోండి. గోడకున్న సంఘపు క్యాలెండరులో, చేసిన రోజు పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. ఇంట్లో ఒకరికి చెప్పండి. తప్పిన రోజు ఖాళీగానే వదిలేసి, మరునాడు గీత పెట్టండి.

డిసెంబరు 31 వరకు ఆగనక్కరలేదు. దానియేలు పైగదిలో కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి. మీకు కూడా ఈ సాయంత్రం ఆరు గంటలు వస్తుంది.

ప్రార్థిద్దాం.

ప్రభువా, మేము ఎన్నోసార్లు మాట ఇచ్చి తప్పినవారము. మా తప్పిన రోజులన్నీ నీకు తెలుసు. వాటిని లెక్కపెట్టక, ఈ రోజుకు కావలసిన మన్నా ఈ రోజు మాకు దయచేయుము. మా చిన్న కొలతను ఆశీర్వదించుము. “నా బ్రతుకింతే” అనుకుంటున్నవారి చేతికి ఈ దినమే ఒక పలక ఇమ్ము. మేము నడిచే దారిలో మా ఇంటివారిని మరువకుండా కాపాడుము. అనుదినము ఒలీవల కొండకు వాడుక చొప్పున వెళ్లిన యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.